పై బోల్టు

చంద్రగిరి రోడ్డు పక్కన మా షెడ్ల వరసలో ఒక కథ చెప్పుకుంటారు. కొత్తగా ఎవరు పనిలో చేరినా రెండో రోజుకో మూడో రోజుకో అది వాళ్ళ చెవిన పడుతుంది. సెల్ఫ్ మోటార్లు బాగుచేసే ఒక పెద్దాయనకు చూపు తగ్గిందట. ఒక పాల జీపు సెల్ఫ్‌లో బుష్షు వంకరగా దిగ్గొట్టాడట. ఆ జీపు వంక నీళ్ళ మధ్య ఆగిపోయి ఒకామె చెయ్యి విరిగిందట. చివర్లో ఒక నీతి కూడా తగిలిస్తారు: చూపు తగ్గినాక పానా కింద పెట్టేయాలి అని.

ఆ కథ అబద్ధం. దాన్ని మొట్టమొదట చెప్పింది నేనే. ఆరేళ్ళు మోశాక ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇంజనుకు మొదటి తిప్పు ఇచ్చే మోటారును మేం సెల్ఫ్ అంటాం. తాళం తిప్పగానే అది ముందుకొచ్చి ఫ్లైవీలు పళ్ళను పట్టుకుని తిప్పుతుంది, ఇంజను అందుకోగానే వెనక్కి పోతుంది. బండి నుంచి దాన్ని విప్పడం, మళ్ళీ బిగించడం నా పని. విప్పిన సెల్ఫ్‌ను బాగుచేయడం పెద్దాయన పని. ఆయన దుకాణం మా షెడ్డుకు నాలుగు వాకిళ్ళ అవతల ఉండేది. ఇరుకు గది, ఒక బల్ల, బల్ల కింద బ్యాటరీ, గోడకు చర్చి వాళ్ళిచ్చిన క్యాలెండరు. సెల్ఫ్‌ను విప్పి, అరిగిన కార్బన్లు, ఇరుసు తిరిగే ఇత్తడి బుష్షులు మార్చి, బల్ల మీదే బ్యాటరీ తగిలించి గిర్రున తిప్పి చూపించేవాడు. పనైపోయిన ప్రతి సెల్ఫ్ మీదా అగ్గిపుల్లతో ఒక పచ్చ రంగు చుక్క పెట్టేవాడు. ఆ చుక్క ఉన్న సెల్ఫ్ ఎప్పుడు తిరిగొచ్చినా సరే, తప్పెవరిదని అడక్కుండా మళ్ళీ చేసిచ్చేవాడు. తిరిగొచ్చిన పని ముందర నోరెత్తకూడదని చిత్తూరులో తనకు పని నేర్పిన గురువు చెప్పాడట.

నేను ఆటపట్టించేవాణ్ణి. కుక్క ఎత్తకపోయి కొరికి తెచ్చినా నీదే తప్పంటావా అన్నా, అని.

"పచ్చ సుక్క పెట్టినాక ఆ కుక్క గూడా నాదేప్పా" అనేవాడు.

ఆరేళ్ళ కిందట పాలాయన తన జీపును నా దగ్గరికి తెచ్చాడు. చంద్రగిరి దాటి లోపల ఒక పల్లె ఆయనది. మొగుడూ పెళ్ళామూ పొద్దునా సాయంత్రం కొండ వారగా ఉండే ఊళ్ళు తిరిగి పాలు పోయించుకుని క్యాన్లలో తెచ్చేవాళ్ళు. ఆమె కొలిచేది, ఆయన నడిపేవాడు. దారిలో వాగుల్లాంటి రెండు వంకలు దాటాలి, రాళ్ళు ఎక్కి దిగాలి. అందుకే నాలుగు చక్రాలూ లాగే డీజిల్ జీపు కొన్నాడు. పది రోజులుగా సెల్ఫ్ పని చేయడం లేదు. ఇంటి ముందర ఏటవాలులో నిలిపి, కిందికి దొర్లించి స్టార్టు చేసుకుని, ఇల్లు చేరేదాకా ఇంజను ఆపకుండా నెట్టుకొస్తున్నాడు.

ఆ జీపులో సెల్ఫ్ ఉన్న చోటు చూస్తే ఏ మెకానిక్కైనా నిట్టూరుస్తాడు. ఒక పక్క ఇంజను, ఒక పక్క ఛాసిస్, పైన పొగ గొట్టం, కింద ముందు చక్రాలకు బలం తీసుకుపోయే షాఫ్టు. ఆ నాలుగింటి నడుమ ఇరుక్కుని ఉంటుంది. ముందు బ్యాటరీ తీగ ఊడదీసి, ఆ షాఫ్టు విప్పి పక్కకు తోసి, పొగ గొట్టానికి అడ్డం ఉన్న రేకు తీయాలి. అప్పుడు కింది బోల్టు కనబడుతుంది. పై బోల్టు మాత్రం ఎక్కడ నుంచి చూసినా కనబడదు. పైనుంచి ఇంజనుకూ వెనక రేకుకూ మధ్య భుజం దాకా చెయ్యి దూర్చి, వేళ్ళతో వెతుక్కుని, పొడుగు రాడ్డుకు సాకెట్టు తగిలించి ఇంతింతగా తిప్పాలి. అన్నీ అయ్యాక కింద వెల్లకిలా పడుకుని, ఆ బరువును గుండె మీదికి దించుకుని, మూతి కిందికి తిప్పి చక్రం పక్కనుంచి బయటకు లాగాలి. నాకు మధ్యాహ్నం దాటింది.

మరుసటి రోజు పెద్దాయన బాగుచేసి, పచ్చ చుక్క పెట్టి ఇచ్చాడు. బిగించేటప్పుడు కింది బోల్టు సులువుగానే పట్టింది. పై బోల్టును వేలికొసల మీద పెట్టుకుని రంధ్రం వెతుకుతున్నాను. చెమటకు జారింది. ఒక్కసారి టంగుమంది. ఆ తర్వాత ఎక్కడా చప్పుడు లేదు. అయస్కాంతం కట్టిన తీగతో వెతికాను. జీపును ముందుకూ వెనక్కూ ఊపి చూశాను. దొరకలేదు. అది మామూలు బోల్టు కాదు, పొడుగైంది, సన్న మర ఉన్నది. నా డబ్బాలో లేదు. తిరుపతి టౌనుకు పోతే దొరుకుతుంది, పోయి రావడానికి గంట.

నేను పోలేదు. చాలా కాలం నాకు నేను రకరకాల కారణాలు చెప్పుకున్నాను. ఇంకో బండి వాళ్ళు తొందరపెట్టారని, భుజం నొప్పని, సాయంత్రం పాలకు ఆలస్యమవుతుందని పాలాయనే గొణిగాడని. అన్నీ కొంత నిజమే. అసలు నిజం విసుగు. ఇంకోసారి ఆ సందులో చెయ్యి దూర్చడానికి నాకు మనసు రాలేదు. ఎవరికి కనబడుతుందిలే అనుకున్నాను. కింది బోల్టుకు పానా పెట్టి, పానాకు పైపు తొడిగి, మామూలుకు రెండింతలు బిగించాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. పాలాయన తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఆ సంబరంలో, ఇంక ప్రతి ఊళ్ళోనూ ఇంజను ఆపు, డీజిలు మిగుల్తుందని నేనే సలహా ఇచ్చాను. నా పని మీద నాకంత ధీమా అని ఆయనకు చూపించుకోవాలి కదా. ఆయన చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించుకుని సంతోషంగా పోయాడు. అప్పటిదాకా పూటకు ఒక్కసారి కూడా తిరగని సెల్ఫ్, ఆ రోజు నుంచి పాలు పోసే ప్రతి ఇంటి ముందరా తిరిగింది, ఒక్క బోల్టు మీద వేలాడుతూ.

మూడు వారాలకు తుఫాను వాన పట్టుకుంది. రెండో వంక దాటే చోట రోడ్డుకు అడ్డంగా కొమ్మ విరిగి పడి ఉంటే పాలాయన జీపు ఆపాడు. కొత్త అలవాటు ప్రకారం ఇంజను కూడా ఆపాడు. కొమ్మ లాగేసి వచ్చి తాళం తిప్పితే, కొబ్బరి తురుముతున్నట్టు కొరకొరమని ఒక చప్పుడు, ఆపైన టక్కుమని ఇంకోటి. ఇంజను కదల్లేదు. నీళ్ళు చక్రాల సగానికి వచ్చాయి. ఇద్దరూ దిగి చేతులు పట్టుకుని గట్టుకు నడిచారు. పాచి రాయి మీద ఆమె జారింది, ఎడమ మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకున్నా ఆ చెయ్యి మళ్ళీ తిన్నగా రాలేదు.

మరుసటి రోజు జీపును ట్రాక్టరుతో మా షెడ్డుకు లాక్కొచ్చారు. నేను ఒక్కణ్ణే కింద దూరాను. సెల్ఫ్ పక్కకు ఒరిగిపోయి ఉంది. దాని మూతికి ఉండే రెండు చెవుల్లో కింది బోల్టు పట్టిన చెవి విరిగిపోయింది. పై రంధ్రంలో దుమ్ము. నేను కింద పడుకున్నంతసేపూ పాలాయన కాళ్ళు నాకు కనబడుతూనే ఉన్నాయి. చెప్పులు లేవు, కాళ్ళ నిండా వంక మట్టి ఎండిపోయి ఉంది. ఏమైందప్పా అని ఆ కాళ్ళ దగ్గర నుంచి అడిగాడు.

అంతకు ముందు నెలలోనే పెద్దాయనకు కంటి ఆపరేషను అయింది. ఆ సంగతి నా నాలుక చివరే ఉన్నట్టుంది.

"సెల్ఫ్ పని కుదర్లేదప్పా" అన్నాను. "బుష్షు వంకరగా పోయింటాది. పెద్దాయనకు సూపు ముందు మాదిరి లేదు గదా."

పాలాయనకు ఆ మాట చాలింది. నేను విప్పిచ్చిన సెల్ఫ్‌ను చంకలో పెట్టుకుని నాలుగు వాకిళ్ళూ దాటి పోయి పెద్దాయన బల్ల మీద దబ్బున వేశాడు. షెడ్లలో వాళ్ళంతా బయటికొచ్చారు. కండ్లు కనబడకపోతే ఇంట్లో కూర్చోక మనుషుల ప్రాణాలు తీయడం ఎందుకని అరిచాడు. నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను.

పెద్దాయన సెల్ఫ్‌ను అటూ ఇటూ తిప్పాడు. విరిగిన చెవిని చూశాడు. తర్వాత పై చెవి రంధ్రం చుట్టూ బొటనవేలితో రాశాడు. బోల్టు బిగించి ఉంటే దాని తల ఒత్తుకుని అక్కడ మెరిసే గుండ్రటి గుర్తు పడుతుంది. అక్కడ గుర్తు లేదు. ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఎంతసేపో కాదు. తర్వాత పాలాయన వైపు తిరిగాడు.

"పచ్చ సుక్క నాదే. పని నాదే. రేపు సేసిస్తా" అన్నాడు.

చెప్పినట్టే చేశాడు. విరిగిన మూతి మార్చి, తుడిచి, నా చేతికిచ్చాడు. సెల్ఫ్‌తో పాటు పాత బనీను గుడ్డలో చుట్టిన చిన్న మూట ఒకటి ఉంది. షెడ్డుకొచ్చి విప్పి చూస్తే అందులో ఒక బోల్టు, ఒక స్ప్రింగు వాషరు. పొడుగు అదే, సన్న మర అదే. టౌనుకు పోయి కొనుక్కొచ్చాడు.

ఆ బోల్టును పెట్టడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. అంతే. ఇరవై నిమిషాలు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. అప్పటికే కథ షెడ్డు నుంచి షెడ్డుకు పాకింది. టీ అంగడి దగ్గర ఎవరో నన్నే అడిగారు, నిజమేనా అని. తల ఊపాను. ఒక్క నా మాటతోనే ఆయన దుకాణం మూతపడిందని చెబితే అదీ అబద్ధమే అవుతుంది. పాత సెల్ఫ్ బాగుచేయించుకోకుండా కొత్తది కొని పెట్టుకునే వాళ్ళు అప్పటికే ఎక్కువయ్యారు. కానీ మిగిలిన నలుగురూ కూడా ఈ కథ విని వేరే దారి చూసుకున్నారు. ఒక నెలంతా ఆయన బల్ల మీద సెల్ఫ్ కనబడలేదు. నాలుగో నెలలో బోర్డు దించి, బల్ల అమ్మి, శ్రీ సిటీలో ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడని విన్నాను. ఆయన సొంతూరు ఏర్పేడు పక్కనే. అక్కడి నుంచి రోజూ బస్సులో పోయొస్తాడట.

అప్పటి నుంచి నాకు ఒక చోట కాలు నిలవదు. ఏ బండి విప్పినా బోల్టులన్నీ సత్తు పళ్ళెంలో వరసగా పెట్టుకుంటాను. బిగించాక పళ్ళెం ఖాళీగా ఉన్నా సరే, మళ్ళీ బండి కిందికి పోయి ఒక్కొక్కటీ తడిమి చూస్తాను. బండి వెళ్ళిపోయాక ఫోను చేసి చప్పుడేమైనా వస్తోందా అని అడుగుతాను. అన్నం ముందర కూర్చుని కూడా లేస్తాను. ఒకసారి మా ఆడమనిషి చూసి చూసి అంది: "మంచానికి గూడా ఎనిమిది బోల్టులుండాయి. అవి గూడా ఒగసారి సూసి పండుకో." పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. నిజంగానే వంగి చూశాను.

ఈ ఏడు వానలు మొదలయ్యే ముందర పాలాయన ఫోను చేశాడు. సెల్ఫ్ మళ్ళీ మొరాయిస్తోందట. నువ్వు చేస్తేనే నాకు నమ్మకం, ఇంకెవురి దగ్గరికీ పోను, అన్నాడు. వచ్చే వారం వానలని చెబుతున్నారు, వంకలు పారకముందే కావాలన్నాడు. ఆ నమ్మకం అనే మాట దగ్గర నేను ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

జీపు వచ్చింది. షాఫ్టు విప్పాను, రేకు తీశాను, పైనుంచి చెయ్యి దూర్చాను. పై బోల్టు ఎక్కడుందో నా వేళ్ళు వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆరేళ్ళలో పావు చుట్టు కూడా వదులు కాలేదు. బయటికి తీసి గుడ్డతో తుడిచాను. సెల్ఫ్ వెనక మూత విప్పి చూస్తే కార్బన్లు అరిగి గోరంత మిగిలాయి. అది మామూలే, ఎంత మంచి సెల్ఫ్‌కైనా అరుగుతాయి. బుష్షు మాత్రం పెద్దాయన దిగ్గొట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లానే తిన్నగా ఉంది. పచ్చ చుక్క నూనె కింద నల్లబడి ఇంకా ఉంది.

కార్బన్లు నేను కూడా మార్చగలను. మార్చి బిగించేస్తే సాయంత్రానికి జీపు వెళ్ళిపోతుంది. రెండు గంటలు షెడ్డులో ఇటూ అటూ తిరిగాను. టీ తెప్పించుకుని తాగకుండా పారబోశాను. చివరికి సెల్ఫ్‌ను గోనెసంచిలో వేసి స్కూటరు ముందర పెట్టుకుని, బోల్టును జేబులో వేసుకుని ఏర్పేడు పోయాను.

శ్రీ సిటీ నుంచి వచ్చే బస్సులు ఒకదాని వెంట ఒకటి ఆగుతున్నాయి. మొదటి దాంట్లో ఆయన లేడు. రెండో దాంట్లో అంతా ఆడపిల్లలు, మెడలో ఫ్యాక్టరీ కార్డులు. వెళ్ళిపోదామని స్కూటరు రెండుసార్లు స్టార్టు చేసి రెండుసార్లు ఆపాను. మూడో బస్సులో ఆయన దిగాడు. బక్కచిక్కాడు. నీలం చొక్కా, చేతిలో టిఫిన్ క్యారియరు. నన్ను చూసి ఆగాడు, తర్వాత సంచిని చూశాడు.

నేను జేబులోంచి బోల్టు తీసి అరచేతిలో పెట్టి చూపించాను. ఆ రోజు పై బోల్టు పెట్టలేదన్నా, అబద్ధం చెప్పినా, అన్నాను. దారంతా ఎంతెంతో అనుకుంటూ పోయాను. చివరికి చెప్పింది అంతే.

"అది నాకు తెలుసు గదప్పా" అన్నాడు. "నాకు తెలిసింది నాకు సెప్పేదానికి ఇంత దూరమొస్తివా?"

మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదన్నా, అందరి ముందరా నా చెంప పగలగొట్టి ఉండొచ్చు కదా, అన్నాను.

"నేను సెప్పకూడదు. అది నా పద్ధతి. నువ్వు సెప్పాల." క్యారియరు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "మూడు నెలలు సూసినా. రోజూ షట్టరు ఎత్తేటప్పుడు, ఈ పొద్దు వస్తాడులే అనుకుంటి. నాలుగో నెల బోర్డు దించేసినా."

ఆయన సంచి మూతి తెరిచి లోపలికి చూశాడు, పచ్చ చుక్క మీద వేలు పెట్టి తుడిచాడు.

"ఆ యమ్మకు సెప్పినావా?"

లేదన్నాను.

"ముందు ఆడికి పో. సెల్ఫ్ ఇచ్చిపో, కార్బన్లు ఏస్తా. ఆదివారం ప్రార్థన అయినాక నేనే తెస్తా."

మరుసటి రోజు పొద్దున్నే పాలాయన ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో క్యాన్లు కడుగుతున్నాడు. ఆమె అరుగు మీద కూర్చుని లీటరు కొలతను గుడ్డతో తుడుస్తోంది. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర బయటికి వంగి ఉంటుంది కాబట్టి కొలతను మోకాళ్ళ మధ్య పెట్టుకుని తుడుస్తోంది. కాఫీ పెడతానని లేవబోయింది. వద్దమ్మా, ముందు వినమని, నిలబడే మొత్తం చెప్పాను. బోల్టు జారడం, పైపు తొడిగి బిగించడం, ఇంజను ఆపమని సలహా ఇవ్వడం, పెద్దాయన మీద వేయడం, ఆయన బోల్టు ఇవ్వడం. ఏదీ వదిలిపెట్టలేదు.

పాలాయన చేతిలో గొట్టం నుంచి నీళ్ళు క్యాను నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు. జీపును ఈ పొద్దే లాక్కుని పోతానన్నాడు. ఇంకెవరి చేతనైనా బిగించుకుంటాను, నీ చెయ్యి నా బండి మీద పడొద్దన్నాడు. తర్వాత ఆయనకే ఏదో గుర్తొచ్చినట్టు గొంతు తగ్గింది. "నడిబజార్లో ఆయన్ని కన్ను లేనోడా అంటి గదరా నేను."

ఆమె కొలతను పక్కన పెట్టింది.

"ఆరేండ్లుగా పాలు కొలిసేటప్పుడంతా ఆ పెద్దాయన్ని తిట్టుకుంటా వస్తి" అంది. "సెయ్యి నొప్పెట్టినప్పుడల్లా తిట్టినా. ఆ తిట్లన్నీ ఇప్పుడు యాడ పెట్టుకునేదప్పా?"

నాకే పెట్టమ్మా అన్నాను. ఆమె నవ్వలేదు, కోప్పడనూ లేదు. మొగుడి వైపు తిరిగి, జీపు యాడికీ లాక్కోని పోవద్దనింది. ఆ పెద్దాయన కండ్ల ముందర ఇతనే బిగించాల, యాడైతే నువ్వు నోరు పారేసుకున్నావో ఆడనే ఇతను సెప్పాల, అంది.

ఆదివారం మధ్యాహ్నం పెద్దాయన ఇస్త్రీ చొక్కాతో, చంకలో సెల్ఫ్‌తో బస్సు దిగాడు. పాలాయన అప్పటికే వచ్చి ఉన్నాడు. ఆయన పెద్దాయన ఎదురుగా నిలబడి ఏదో అనబోయాడు. "ఆ బ్యాటరీ తీగ తీసినారా ల్యాదా సూడప్పా ముందు" అని పెద్దాయన ఆయనకు పని చెప్పాడు.

టీ అంగడి దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్ళందరికీ వినబడేలా చెప్పాను. ఒకడు, అయిపోయిన కత ఇప్పుడెందుకులే అన్నా అన్నాడు. ఇంకొకడు, ఆ కథ వింటూ పని నేర్చుకున్నవాడు, అయితే పెద్దాయనకు సూపు బాగానే ఉండిందా అని అడిగాడు. బాగానే ఉండింది, నాకే లేదు అని చెప్పాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతకంటే ఏమీ జరగలేదు. ఇంకో బండి వస్తే ఎవరి పనికి వాళ్ళు పోయారు.

పెద్దాయన దుకాణం ఉన్న గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి. ఆయన దాని ముందర నుంచే నడిచొచ్చాడు, తల తిప్పలేదు. మళ్ళీ దుకాణం పెట్టమని, అద్దె సంగతి నేను చూస్తానని అన్నాను. ఈ వయసులో నాకు గేటే మేలు, నీడుంటాది, అన్నాడు.

నేను కిందికి దూరి సెల్ఫ్‌ను గుండె మీద పెట్టుకుని ఎత్తాను. కింది బోల్టు పట్టించాను. లేచి, చొక్కా విప్పి, పైనుంచి చెయ్యి దూర్చాను. ఆయన ఇచ్చిన ఆ బోల్టునే వేళ్ళ మధ్య పెట్టుకున్నాను. మొదటిసారి రంధ్రం తప్పింది. రెండోసారి కూడా. మెడ మీద చెమట కారుతోంది. మూడోసారి మర అందుకుంది. రాడ్డు పెట్టి గట్టిగా బిగించి, చెయ్యి బయటికి తీసి, అయిందన్నాను.

పెద్దాయన ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. నేను దూర్చిన సందులోనే తన చెయ్యి భుజం దాకా దూర్చాడు. కళ్ళు మూసుకుని తడిమాడు. బయటికి తీసి గుడ్డకు తుడుచుకున్నాడు. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ దూర్చి మళ్ళీ తడిమాడు. తర్వాత నా వైపు కాదు, పాలాయన వైపు చూసి చెప్పాడు.

"ఉండాది. తీగ తగిలించి తాళం తిప్పు."